సూది డబ్బా

మల్కాపురం ఆరోగ్య కేంద్రంలో
వానకి ఉబ్బి మూసుకోని తలుపు పక్కన నా బల్ల.
దూది, స్పిరిటు, పరీక్ష పలకలు,
ఇరవై నిమిషాలకి గణగణమనే చిన్న గడియారం.
అరవై దాటినవాళ్లందరికీ ఒక నెత్తురు చుక్క, హెపటైటిస్ సి కోసం
అని డాక్టరు ఇందుమతి గారు గోడకి కాయితం అంటించారు.

నిరుడు ఆవిడే అనేవారు:
"ఈ వయసులో కొత్త జబ్బు వెతకడమెందుకు,
బీపీ ఉంది, షుగరుంది, చాలవా?"
తప్పు పట్టను. నాకూ అలాగే అనిపించేది.
అడగడానికి సిగ్గు కూడా.
పెద్దవాళ్ల ముందు ఆ పేరెత్తితే
పాత తిరుగుళ్ల లెక్క తీసినట్టుంటుంది.

షిప్‌యార్డు వెల్డరు జగ్గునాయుడు గారు
కుర్చీ అంచున కూర్చుని అన్నాడు:
"నాకెందుకొస్తాదమ్మా? మందు ముట్టను."
మందు గురించి కాదు బాబాయ్,
నా కాయితంలో ప్రశ్నలు వేరే.
ఎప్పుడైనా నెత్తురెక్కించారా?
పచ్చబొట్టు పొడిపించుకున్నారా?
పాత రోజుల్లో సూదులు ఎవరి దగ్గర వేయించుకునేవారు?

ఈ మూడోది అడిగేటప్పుడు
నేను కాయితం వైపే చూస్తాను.

"ఇంకెవుల దగ్గరే," అంటుంది గరికిన పోలమ్మ,
ఎండుచేపల వాసన పోని వేలు నా చేతిలో పెట్టి,
"మీ అయ్య దగ్గరే. సూరప్పడు కాంపౌండరు.
అర్ధరేతిరి లేపినా సైకిలేసుకొచ్చీవోడు.
ఎంత తేలిక సెయ్యో! సీమ కుట్టినట్టుండీది."

ఆ స్టీలు డబ్బా నాకు తెలుసు.
కిరసనాయిలు స్టవ్వు మీద బుడబుడలాడేది.
లోపల గాజు సిరంజి, రెండే సూదులు.
మొద్దుబారితే గడప రాతి మీద నూరేవాడు.
మామూలు రోజుల్లో నీళ్లు బాగానే మరిగేవి.
జ్వరాల కాలంలో వీధి వీధంతా వరస కట్టినప్పుడు
మరిగేదాకా ఆగే తీరికెక్కడిది?
స్పిరిటు దూదితో ఒక తుడుపు, తర్వాతి జబ్బ.
ఆ దూది ఉండలు చుట్టి అందించింది నేనే,
ఎనిమిదేళ్లదాన్ని,
డాక్టరమ్మ అని పిలిస్తే మురిసిపోతూ.
ఆ పురుగుకి అప్పటికింకా పేరే పెట్టలేదు.

ఈ నెల రెండో గీత పదకొండు మందికి వచ్చింది.
తొమ్మిది మంది మా వీధివాళ్లే.

రెండో గీత శిక్ష కాదని చెబుతాను.
ఆ పురుగు ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే.
ఇంకా ఉందో లేదో పెద్దాసుపత్రిలో మరో పరీక్ష.
ఉంటే మాత్రలు, పన్నెండు వారాలు చాలామందికి.
దాదాపు అందరికీ పోతుంది.
"పోతాదా?" పోలమ్మ నా మణికట్టు పట్టుకుంది.
"మరి ఇన్నాల్లూ ఎవులూ సెప్పనేదేటి?"
నేను గడియారం తిప్పాను. ఇంకా మోగే వేళ కాలేదు.

రాత్రి ఒక పలక సంచిలో వేసుకుని ఇంటికెళ్లాను.
నాన్నకి ఎనభై ఒకటి. చేతులు వణుకుతాయి.
ఏ సూది ఎన్నిసార్లు తన వేలికే దిగిందో ఆయనకీ లెక్క లేదు.
"ఎంతమందికే?" అన్నాడు, భోజనం మధ్యలో.
పదకొండన్నాను.
మన వీధిలో ఎంతమందికని అడగలేదు.
మజ్జిగన్నం కలుపుతూనే ఉన్నాడు, చాలాసేపు.

తర్వాత తనే చెయ్యి కడుక్కుని వచ్చి
దీపం కింద ఉంగరపు వేలు చాపాడు.
"సూది కొత్తదేనా?"

కొత్తదే నాన్నా. ఒక్కసారికే. తర్వాత పారేస్తాం.
"ఒక్కసారికే," అన్నాడు.
చించిన కవరు తీసుకుని, మడతలు సాపు చేసి,
కళ్లజోడు పెట్టుకుని చదివాడు,
అటువైపు కూడా తిప్పి చదివాడు.

హార్బరులో ఏదో ఓడ కూత వేసింది.
మొదటి గీత వచ్చింది. అది అందరికీ వస్తుంది.
ఇంకా పద్నాలుగు నిమిషాలు.
నా చెయ్యి వదల్లేదు ఆయన,
నాడి చూస్తున్నాడేమో, పాత అలవాటు.